పొడల పిల్ల పోచమ్మది

నేను ఆగితే ఆమె ఆగుతోంది. నేను నడిస్తే ఆమె నడుస్తోంది. ఇద్దరి మధ్య నలభై అడుగుల కంకర రోడ్డు.

పరకాల నుంచి హన్మకొండ పోయే బస్సు అంతకు అరగంట ముందే చతికిలబడింది. ఇంజను మూతి నుంచి ఆవిరి చిమ్ముతుంటే డ్రైవరు కిందికి దిగి, ఇంజను వైపు కాకుండా మా వైపు గుర్రుగా చూశాడు, మాలో ఎవరో దానికి దిష్టి పెట్టినట్టు. మిగతావాళ్లు వేపచెట్టు నీడన చేరి బీడీలు వెలిగించారు. నేను సంచీ భుజానికి తగిలించుకుని నడక సాగించాను. ఆగిన బండిలో కూర్చోవడం నా వల్ల కాదు, కదిలే బండిలో కూడా కష్టమే. ఊళ్లు పట్టుకు తిరగడం మొదలై ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసిన ముక్క ఒక్కటే. దారిలో ఎదురైన మనిషిని మనిషి ముందు దొంగ అనుకుంటాడు, ఆ తర్వాతే పేరు అడుగుతాడు.

అరవై ఒకటో సంవత్సరం, మాఘమాసం. ముందు పోతున్న ఆడమనిషి నెత్తిన గంప ఉంది. గంప మీద గోనెపట్టా కప్పి, దాన్ని చుట్టూ తాడుతో బిగించింది. పట్టా కింద ఏదో కదిలింది. ఎండ పొద్దున గంపను అంత భద్రంగా కప్పడం నాకు నచ్చలేదు. కోళ్లను ఎత్తుకుపోయేవాళ్లు చేసే పని అదే. చీకటి చేస్తే కోడి నోరు తెరవదు.

రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గర ఆమె గంప దించి, దాని పక్కనే కాపలా కూర్చుని, నేను దగ్గరికి వచ్చేదాకా చూసింది. యాభై అయిదేళ్లు ఉంటాయేమో. ముంజేతులు మోకు పేనినట్టున్నాయి.

“ఏంది పెద్దయ్యా, ఎనకవడ్డవ్?”

“ఎనకవడలేదమ్మా. నా తోవ నేను పోతున్న.”

“ఎనకవడ్డోడు ఎనకవడ్డ అని చెప్తడా? సమితి ఆఫీసోనివా?”

“కాదు.”

“కోళ్లకు సూదులిచ్చేటోనివా?”

“కాదు.”

“సంచిల ఏమున్నయ్?”

“పుస్తకాలు.”

“ఇగో, దొరికినవ్. పుస్తకాలు మోసేటోడు ఏదో ఒక ఆఫీసోడే.”

నేనూ మోరీ గోడ మీద చతికిలబడ్డాను. కాళ్లు లాగుతున్నాయి. “నీ గంపలో ఏమున్నయ్?” అన్నాను.

“నీ సంచిల నేను చెయ్యి వెట్టిన్నా?”

“గోనె కప్పితే కోళ్లు అరవవు. ఆ ఉపాయం దొంగలది.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “అబ్బో! దొంగతనం ఎరుకున్నోని లెక్కనె చెప్తానవ్” అని, తాడు వదులు చేసి పట్టా ఒక కొస ఎత్తి చూపించింది. నాలుగు కోడిపిల్లలు వెలుతురుకు కళ్లు ఆర్పాయి. “ఎండకు సొమ్మసిల్లుతయని కప్పిన. చాలా? ఇగ నీ సంచి తియ్యి.” తీయక తప్పలేదు. పుస్తకాలు ఒక్కొక్కటే ఎత్తి, వాటి కింద ఇంకేమైనా ఉందేమోనని తడిమి చూసి, అప్పుడు పేరు చెప్పింది. బక్కమ్మ.

ఈ బక్కమ్మ చేసే పని ఏ సర్కారు జాబితాలోనూ ఉండదు. ఊరూరా తిరిగి, పెరట్లో పెరిగే కోడిపిల్లల్లో పుంజేదో పెట్టేదో చెబుతుంది. నాలుగు నెలలు ఆగితే ఎవరికైనా తెలుస్తుంది కదా అంటారేమో. ఆగే వీలుంటే ఆమెను ఎవరు పిలుస్తారు? వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో కోడిని పాలుకు ఇచ్చే ఆనవాయితీ ఉంది. కోడిపెట్ట ఒకరిది, పొదిగించి పెంచే చెయ్యి మరొకరిది. పిల్లలు తల్లి రెక్క వదిలే వేళకు చెరిసగం పంచుకుంటారు, పెట్ట సొంతదారు ఇంటికి తిరిగిపోతుంది. పెట్టపిల్ల దక్కినవాళ్లకు ఇంకో ఏడాదికల్లా గంపెడు కోళ్లు. పుంజు దక్కినవాళ్లకు ఒక పూట కూర. తేడా అక్కడ ఉంది. అందుకే పంపకం నాడు పుంజూ పెట్టా తేల్చే మనిషి కావాలి, ఆ మనిషి మీద రెండు వైపులా అనుమానం ఉండాలి.

“ఇప్పుడు అసొంటి తగువు కాడికే పోతాన్న” అంది బక్కమ్మ, గంప ఎత్తుకుంటూ. నేను చెయ్యి వేయబోతే, “వద్దు, నా గంప నాకు బరువు గాదు” అని పక్కకు జరిగింది.

తగువు ఇద్దరు యారాండ్ల మధ్య, అంటే తోడికోడళ్ల మధ్య. పెద్దామె మొగిలమ్మ. ఆమె పెట్టను చిన్నామె సమ్మమ్మ పాలుకు తీసుకుంది. సమ్మమ్మ మొగుడు కాజీపేటలో రైలుపట్టాల గ్యాంగు కూలి, పదిహేను రోజులకొకసారి ఇల్లు చూస్తాడు. ఆమెకు సొంత పెట్ట ఎన్నడూ లేదు. పెళ్లయిన నాటినుంచి పరాయి పెట్టలనే పెంచింది. ఈసారి పదకొండు పిల్లలు లేచాయి. గద్ద కొన్ని, ముంగిస కొన్ని, కొక్కెర తెగులు కొన్ని తీసుకుపోగా మూడు మిగిలాయి. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, రెండూ పుంజులేనని చూసినవాళ్లందరూ ఒప్పుకున్నారు. చెరొకటి. మూడోది ఒంటి నిండా మచ్చలున్న పొడల పిల్ల. అదే ఎటూ తేలడం లేదు.

“బేసి పిల్ల పుంజయితె పోచమ్మది” అని విడమరిచింది బక్కమ్మ. “బోనాల దాక పెంచినామె ఇంట్లనె ఉంటది, శ్రావణంల కోస్తరు. పెట్టయితె అమ్మవారు ముట్టది. తల్లికోడి ఎవలిదో ఆ పెట్ట గూడ వాళ్లదె.”

“అంటే సమ్మమ్మకు ఎట్లయినా ఒక్క పుంజే.”

“ఒక్క పుంజే.”

“మరి ఆమె తగువు దేనికి?”

బక్కమ్మ నవ్వింది. “తనకు దక్కకున్న మానె, యారాలుకు దక్కద్దని. నువ్వు ఆడోళ్ల నడుమ బతికినట్టు లేవు.”

నేను బతకలేదు, నిజమే. అది వేరే కథ.

ఇంకొంచెం నడిచాక, రోడ్డు పక్క మోట బావి మీదినుంచి ఒక మనిషి తువ్వాల ఊపుతూ దిగివచ్చాడు. మొగిలమ్మ పెనిమిటి యాకయ్య. నన్ను చూసి ఆగిపోయాడు.

“ఈనెవలు బక్కక్కా?”

“తోవల దొరికిండు. పుస్తకాలు మోస్తడు.”

పుస్తకాలనగానే యాకయ్య మొహం ముడుచుకుంది. ఆమెను నాలుగడుగులు అవతలికి పిలిచాడు. గాలి నా వైపే వీస్తున్న సంగతి మరిచాడు.

“అది పెట్టనే గద అక్కా?”

“సూడకుండ ఎట్ల చెప్తనయ్యా?”

“సూసే చెప్పు. సూసినంక పెట్ట అని చెప్పు.”

మోదుగాకుల్లో చుట్టిన పొగాకు కాడలు ఆమె చేతికి వచ్చాయి. ఆమె వాసన చూసి, మంచిదేనన్నట్టు తలాడించి, కొంగున కట్టుకుంది. ఎవరి తీర్పు ఎంతకు అమ్ముడుపోతుందో నాకు ఆ క్షణాన తెలిసిపోయిందనుకున్నాను. చాలా పుస్తకాలు చదివినవాడికి ఇది ఒక జబ్బు. రెండు పుటలు చూసి చివరి పుట తెలిసిపోయిందనుకుంటాడు.

“తీసుకున్నవ్ గద” అన్నాను మళ్లీ నడక మొదలయ్యాక.

“పొగాకు తీసుకున్న.”

“ఊరికెనే ఇచ్చిండా?”

“గా ముచ్చట ఇచ్చినోన్ని అడుగు.”

ఆమె మీద నాకు అనుమానం, నా మీద ఆమెకు అనుమానం. గంపలో పిల్లలకు మా ఇద్దరి మీదా అనుమానం కాబోలు, కిక్కురుమనలేదు. చివరికి నేనే ఉండబట్టలేక, జపాను దేశంలో ఒక్కరోజు పిల్లను వేలితో నొక్కి చూసి పుంజో పెట్టో చెప్పే నిపుణులున్నారని ఒక పాత మాసపత్రికలో చదివినట్టు చెప్పాను.

“ఒక్క రోజు పిల్లనా?” బక్కమ్మ ఆగింది. “ఎందుకు? ఆళ్ల మీద గూడ దొరలున్నరా?”

నాకు అర్థం కాలేదు. దొరలకూ దీనికీ ఏం సంబంధం?

అప్పుడు చెప్పింది. ఆమె పుట్టిన ఊళ్లో దొర ఉండే కోటలాంటి గడి ఉండేది. ఏ అధికారి మకాం పెట్టినా గడి నుంచి మనుషులు వచ్చి ఇంటింటి కోళ్లూ పట్టుకుపోయేవారు. వెట్టి. అడ్డం చెప్పేదెవరు? ఆమె అమ్మమ్మ కోడిపిల్లలకు నెల నిండేలోపే పెట్టలను పోల్చుకుని, వాటిని ఖాళీ కాగులో దించి చాట మూసేది. పుంజులను వాకిట్లో వదిలేది, పట్టుకుపోతే పొమ్మని. కాగులో నాలుగింటికే చోటు. అందులోకి పుంజు పోతే దండగ, వాకిట్లో పెట్ట మిగిలితే నష్టం. అందుకే కన్ను తప్పకూడదు. ఆ కన్ను మనవరాలికి వచ్చింది.

“మా అమ్మమ్మ ఏమంటుండెనంటె, జుట్టు సూడు, కాలు సూడు, తోక సూడు. పెట్టకు తోక జల్ది వస్తది, పుంజుకు ఎనక బోసిగ ఉంటది. ఇవన్ని మోసం జేస్తె, మీదికెల్లి బట్ట ఇసురు. గద్ద నీడనుకుంటది. పుంజు మెడ లేపి నిలవడ్తది, పెట్ట భూమికి అంటుకుంట కూసుంటది. గది మోసం జెయ్యది.”

“ఎన్నడూ తప్పలేదా?”

“కన్ను తప్పలె. నోరు తప్పింది, ఒక్కసారి.”

తనకు పదేళ్లప్పుడట. గడి మనిషి వాకిట్లోకి వచ్చాడు. ఆ రోజు కాగులో దించడానికి వ్యవధి చాలలేదు. ఉన్న ఒక్క పెట్టపిల్లను వాడు ఎత్తి పట్టుకుని, ముద్దుగా, ఆటకు అడిగినట్టు అడిగాడు. “ఏం బుడ్డీ, ఇది పుంజా, పెట్టా?” తనకు తెలిసిన విద్య ఇంకెవరికీ తెలియదన్న మురిపెం. “పెట్ట! నాలుగు నెలలైతె గుడ్డు వెడ్తది!” అని అరిచింది. దొరసానికి గుడ్లు పెట్టేవే కావాలట. వాడు పుంజులను వదిలి దాన్నే పట్టుకుపోయాడు.

“అమ్మ కొట్టిందా?”

“కొట్టలె. కొడ్తె మంచిగుండు. గా దినమంత నాతోని మాట్లాడలె.” గంప సరిచేసుకుంది. “ఊరొచ్చింది. జర నోరు మూసుకొని ఉండు పెద్దయ్యా. నీకు అలవాటు లేదనుకుంట.”

ఆ ఊరి పేరు నేను రాయను. పరకాల రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది, అంతే. మొగిలమ్మకు చదువు రాదు గానీ ఎవరిచేతనైనా చదివించుకుంటుంది.

ఒకటే వాకిలి, నడుమ కందికట్టె తడక. తడకకు అటు మొగిలమ్మ, ఇటు సమ్మమ్మ. మధ్యలో బోర్లించిన గంప కింద పెట్టా మూడు పిల్లలూ. చూసిపోదామని వచ్చినవాళ్లు అయిదారుగురు. యాకయ్య మా కంటే ముందే అడ్డదారిన వచ్చి, ఏమీ ఎరగనివాడిలా అరుగు మీద కూర్చున్నాడు.

సమ్మమ్మ సన్నటి మనిషి. మాకు రెండు ముంతల్లో అంబలి పోసింది. బక్కమ్మ ముంత ఎత్తిందో లేదో, తడక అవతలి నుంచి మాట వచ్చింది.

“నిండ తాగకు బక్కక్కా, అంబలి తాగితె కండ్లు మూతవడ్తయ్.”

“పొగాకు నమిలితె తెర్సుకుంటయ్ తియ్యక్కా” అంది సమ్మమ్మ, తడక వైపు చూడకుండానే.

అరుగు మీద యాకయ్య దగ్గాడు. ఊళ్లో ఏ సంగతి ఏ దారిన ముందు చేరుతుందో ఎవరికీ తెలియదు.

“నేను గుండ్రటి గుడ్లు ఏరి ఏరి పొదగేయిచ్చిన” అంది మొగిలమ్మ, అందరూ వినేట్టు. “గుండ్రటి దాంట్ల పెట్టనె ఉంటది. లోకమంత ఎరుకే.”

“అయితె నల్లది, ఎర్రది గుండ్రటి గుడ్లల్లకెల్లి రాలేదా అక్కా? అవి కాకి వెట్టినయా?”

నాకు నవ్వొచ్చింది. యవన దేశపు పండితుడొకడు రెండు వేల ఏళ్ల కిందట సూటిమొన గుడ్డు నుంచి పెట్ట, గుండ్రటి గుడ్డు నుంచి పుంజు పుడుతుందని రాశాడట. తర్వాతివాళ్లు దాన్ని తలకిందులు చేసి రాశారు. ఇద్దరిలో ఎవరూ గుడ్లను వేరుచేసి పొదిగించి చూసినట్టు లేదు. మొగిలమ్మ ఏ గ్రంథమూ చదవకుండానే ఆ రెండో పక్షంలో చేరిపోయింది.

బక్కమ్మ గంప ఎత్తి పిల్లలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. నల్లదాన్నీ ఎర్రదాన్నీ చూసీ చూడగానే వదిలింది. పొడల పిల్ల దగ్గర ఆగింది. జుట్టు బొటనవేలితో రాసింది. చిన్నదే, కానీ ఎరుపు ఉంది. కాలు పిడికిట్లో పట్టి చూసింది. లావుగానే ఉంది. తోక చూసింది. అది పొడవూ కాదు, బోసీ కాదు. మొగిలమ్మ చూపు బక్కమ్మ కొంగు ముడి మీద, సమ్మమ్మ చూపు బక్కమ్మ మొహం మీద.

“పెద్దయ్యా, నీ కండువా ఇయ్యి.”

ఇచ్చాను. పిల్లలను నేలకు వదిలి, అవి నాలుగడుగులు పోయాక, కండువాను గాల్లోకి బారెడు ఎత్తున విసిరింది. నీడ వాకిలి మీదుగా జారింది. నల్లది మెడ నిక్కించి నిలబడింది. ఎర్రది నిలబడి గట్టిగా కూత పెట్టింది. తల్లికోడి కొరకొరలాడింది. పొడల పిల్ల మాత్రం నేలకు కరుచుకుపోయింది. ఎవరో అరచెయ్యితో అదిమినట్టు, అంత స్పష్టంగా.

ఇద్దరు యారాండ్లలో ఎవరూ అది చూడలేదు. బక్కమ్మ ఎక్కడ కన్ను కొడుతుందో, ఎవరికి సైగ చేస్తుందోనని ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. ఊరివాళ్లు కూత పెట్టిన ఎర్రదాని వైపు తిరిగారు. పొడల పిల్లను చూసింది నేనూ బక్కమ్మా.

“పుంజు” అంది బక్కమ్మ.

నా నోరు ఆగలేదు. “అది కూసుంది గద బక్కమ్మా!”

వాకిలంతా నా వైపు తిరిగింది. బక్కమ్మ కండువా దులిపి తాపీగా మడత పెట్టింది.

“కూసుంది. పొద్దుగాల మోరి కాడ నువ్వు గూడ కూసుంటివి. నువ్వు పెట్టవా?”

ఊరంతా గొల్లుమంది. యాకయ్య కూడా నవ్వి, తను ఏ పక్షమో గుర్తొచ్చి ఆపుకున్నాడు.

మొగిలమ్మ నవ్వలేదు. తడక పక్కకు నెట్టి నా ముందుకొచ్చి నిలబడింది. “ఓ పెద్దయ్యా, నువ్వు పరాయోనివి. నీకు ఇటు లేదు, అటు లేదు. పోచమ్మ మీద ఒట్టేసి చెప్పు. నువ్వు సూసినవా? కూసున్నది పెట్టనే గదా?”

దేవుళ్లతో నాకు పెద్ద పేచీ లేదు, పెద్ద స్నేహమూ లేదు. చూసింది చెప్పడానికి అడ్డేమిటి? బక్కమ్మ వైపు చూశాను. ఆమె నన్ను చూడడం లేదు. సమ్మమ్మ ఖాళీ అంబలి ముంతను రెండు చేతులా పట్టుకుని, దాని అడుగున ఇంకేదో ఉన్నట్టు అందులోకే చూస్తోంది. నాకు ఒక్కటే తోచింది. ఈ ముసల్ది రెండు వైపులా తిన్నది, సమ్మమ్మ అంతకంటే ఎక్కువ ఏదో ముట్టజెప్పింది. కానీ ఏం? ఈ ఇంట్లో ముట్టజెప్పడానికి ఏముంది?

“కోళ్లు పెంచినోన్ని కాదమ్మా” అన్నాను. “పుస్తకాలల్ల చదివినోన్ని. ఒట్టెయ్యలేను.”

“అయితె పుస్తకాన్నె గుడ్లు వెట్టమను” అంది బక్కమ్మ.

“నువ్వెయ్యి మరి ఒట్టు!” మొగిలమ్మ ఆమె మీదికి తిరిగింది. “మాపొద్దు అది గుడ్డు వెడ్తె?”

బక్కమ్మ పొడల పిల్లను పట్టి, చంకన పెట్టుకుని, అప్పుడు అంది. “అది గుడ్డు వెడ్తె బక్కమ్మకు కండ్లు లేనట్టె. మీ ఊరి పొలిమేర తొక్క. మీరు పిలిచిన రాను. చాలా?”

చాలు. అంతకు మించిన పందెం ఆ మనిషి దగ్గర లేదు. ఇరవై ఊళ్లలో ఆమె అన్నం ఆ మాట మీదే పుడుతోంది. యాకయ్య లేచి, “బక్కక్క గంత మాటన్నంక ఇంకేముందే” అన్నాడు. కత్తిపీటతో పిల్ల చిటికెన గోరు కొస తీసి, కాలికి పసుపుదారం కట్టి, పోచమ్మ పేరు చెప్పారు. పేరు చెప్పి గోరు తీశాక ఆ కోడిని ఇక ఎవరూ నాదనడానికి లేదు. అంటే అమ్మవారి నోటికాడిది గుంజుకున్నట్టు. సమ్మమ్మ దాన్ని తీసుకుపోయి తన గంప కింద పెట్టింది. ఆమె మొహంలో సంతోషమేమీ లేదు. బోనాల దాకా మేపాల్సిన నోరు ఒకటి తగులుకుందన్న విసుగే ఉంది. అదీ నా అనుమానాన్ని పెంచింది. ఎంత నటన!

రోడ్డు దాకా బక్కమ్మతోనే వచ్చాను. “ఎవరు ఎక్కువిచ్చారు?” అని అడిగేశాను.

“తోవ సూసి నడువ్ పెద్దయ్యా, పల్లేరుకాయలున్నయ్.”

ఈలోగా బాగుపడ్డ బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఎక్కి కూర్చుని, నోటు బుక్కులో ఆమె పేరు రాసి, పక్కన ‘మోసగత్తె’ అని రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

*

అనుమానం మంచి నడకదారి. మనిషిని తిరిగి రప్పిస్తుంది. మరుసటి ఏడాది దసరాకు ముందు పరకాల వైపు పోతూ, పని లేకున్నా ఆ ఊళ్లో దిగాను.

తడక అట్లాగే ఉంది. ఇవతలి వాకిట్లో పొడల పెట్ట ఒకటి తొమ్మిది పిల్లలను వెంటేసుకుని కాలితో గోకుతోంది. చిటికెన గోరు కొస లేదు. పసుపుదారం ఎప్పుడో తెగిపోయినట్టుంది.

“సూసినవా?” మొగిలమ్మ నన్ను గుర్తుపట్టి తడక మీదినుంచే అందుకుంది. “నువ్వు గా దినమె ఒట్టేసుంటె అది నా వాకిట్ల ఉండేది. పోయిన ఏడు బోనాల ముందటనె గుడ్డు వెట్టింది. పెట్టను అమ్మవారు ముట్టది. అమ్మవారికి ఇడిసిపెట్టినదాన్ని నేనడుగరాదు, పెంచినామె కాడనె ఉండవట్టె. పెంచినామెకు బలిసింది! బక్కమ్మకు కండ్లు వోయినయ్, ఊరూరు చెప్పిపిచ్చిన.”

“మా పొగాకు గూడ వోయింది” అన్నాడు యాకయ్య లోపలినుంచి.

సమ్మమ్మ నన్ను లోపలికి పిలిచి పీట వేసింది. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి ఇచ్చింది. నేను తింటున్నంతసేపూ కనిపెట్టి చూసింది, ఏం అడగబోతానోనని.

“బక్కవ్వ తప్పు చెప్పింది” అంది చివరికి, ఎవరో వద్దన్నా చెబుతున్నట్టు. “ఎవలికైన తప్పు వస్తది.”

“వస్తుంది.”

“ఆమె ఇటు రాదిప్పుడు. నీకు తోవల కనవడ్తె...” లోపలికి పోయి, మసిగుడ్డలో రెండు గుడ్లు కట్టి తెచ్చింది. “నేనిచ్చిన్నని చెప్పకు. కోడి ఇచ్చిందని చెప్పు.”

బక్కమ్మ కనిపించడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊరు దాటి రోడ్డెక్కి వెనక్కి చూస్తే, హన్మకొండ వైపు నుంచి అదే గంప వస్తోంది. ఈసారి నేనే మోరీ గోడ మీద కూర్చుని కాచుకున్నాను. ఆమె నన్ను పోల్చుకుని కూడా నడక నెమ్మది చేసింది. గంప తేలిగ్గా ఉంది. నోట్లో చుట్ట ఉంది.

“ఇంక ఏ ఆఫీసుల చేరలేదా పెద్దయ్యా?”

“చేరలేదు. ఇవిగో, నీకు ఇమ్మన్నరు.”

మసిగుడ్డ విప్పి, గుడ్లను ఒక్కొక్కటే ఎండకు ఎత్తిపట్టి చూసింది. మురిగినవేమోనని అనుమానం. “ఎవలియ్యి?”

“పొడల పుంజువి.”

చుట్ట నోట్లోంచి తీసింది. నవ్వుతుందేమోననుకున్నాను, నవ్వలేదు. “ఎన్ని పిల్లలు లేచినయ్?”

“తొమ్మిది.”

“గద్ద జూపు?”

“ఇంకా పడలేదు.”

గుడ్లను గంపలో గడ్డి కిందికి తోసి పట్టా కప్పింది. ఇక ఆగలేక అడిగాను. “నీకు ఇప్పుడు ఎన్ని ఊళ్లు?”

“ఏడు. కండ్లు వోయినోళ్లకు ఏడే ఎక్కువ.”

“బక్కమ్మా, నీ కండ్లు పోలేదు. అది భూమికి అంటుకుని కూసున్నది నేను చూసిన. నువ్వు సుత చూసినవ్.”

“నీయి పుస్తకాల కండ్లు. లేనియి గూడ కనవడ్తయ్.”

“మీ అమ్మ బతికుంటే, నువ్వు దాన్ని పుంజు అన్న దినం నీతోని మాట్లాడేదా?”

ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. అప్పటిదాకా ఆమె నా వైపు అనుమానం లేకుండా చూసింది లేదు. అప్పుడూ అట్లాగే చూసింది. నేను మళ్లీ ఏదో ఆఫీసువాణ్ణే అయిపోయినట్టు. చుట్ట మోరీ రాతికి రుద్ది ఆర్పి, మిగిలిన ముక్కను చెవి మీద పెట్టుకుంది. గంప తనే ఎత్తుకుంది.

ఆమె పోవాల్సిన ఊరికి దగ్గరి దారి సమ్మమ్మ వాళ్ల ఊళ్లోంచే. బండ్ల బాట కనిపిస్తూనే ఉంది. ఆమె దాన్ని తొక్కలేదు. ఎడమ వైపు కందిచేల గట్టు ఎక్కింది. అటు తిరిగి పోతే రెండు మైళ్లు ఎక్కువ. ఎండ నడినెత్తికి వస్తోంది.

పోయొస్తనంటుందేమోనని నిలబడి చూశాను. గట్టు మలుపు దగ్గర ఒకసారి ఆగింది. నాకోసమే అనుకున్నాను. వంగి, కాలిలో దిగిన పల్లేరుకాయ పీకి అవతల పారేసి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.